ఆదిలాబాదు త్రోవలు – నాలుగు చక్రముల బలము

కరీంనగరమునుండి జగిత్యాల మీదుగా గోదావరిని దాటి, నిర్మలు విడిచి మహబూబు ఘాటు ఎక్కగానే ఆదిలాబాదు అడవులు కన్నులకు విందొనర్చును. నేడు రాజమార్గము విశాలమైనదే. కాని ఇంద్రవెల్లి, ఉట్నూరు ప్రాంతములందలి గూడెముల త్రోవలు వేరు. పుష్యమాసమున కేస్లాపురపు నాగోబా జాతరకు ఎడ్లబండ్లు సాగు ఆ ప్రాంతముననే, శ్రావణమున నల్లరేగడి బురద చక్రమును కదలనీయదు.

సోదరీమణులారా! సాధారణపు కారులో ఇంజను బలము రెండు చక్రములకే చేరును. అవి జాఱినచో బండి నిలిచిపోవును. బలము నాలుగింటికిని చేరినచో, ముందువి జాఱినను వెనుకవి త్రోయును. రెండవ ప్రపంచ యుద్ధమునాటి అమెరికా సైన్యపు జీపు ఇట్టిదే. 1980లో జర్మనీవారి ఆడీ క్వాట్రో వెలువడిన పిదప ఐరోపా మంచుదారులలో ఇట్టి కార్లు మిక్కిలి ప్రసిద్ధికెక్కినవి.

అయినను ఒక్క సంగతి మరువరాదు. ఈ యేర్పాటు కదలుటకు తోడ్పడును గాని ఆగుటకు తోడ్పడదు. బ్రేకులు అన్ని కార్లకును నాలుగు చక్రములకు నుండును. బండిని నిలుపునది టైరు పట్టు. కావుననే జర్మనీలో 2010 నుండి మంచుదారులపై నడుపు కార్లకు శీతకాలపు టైర్లు తప్పనిసరియైనవి. మన రేగడియందును అరిగిన టైర్లతో జీపైనను జాఱును.

గూడెమున ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రి చేర్చుటకు ఇట్టి బండి ప్రాణాధారము. కాని వాగు పొంగిననాడు ఏ చక్రమును చాలదు, వంతెనయే కావలెను. కారు కొనునపుడు టైర్లను గూర్చి యడుగుడు. ఓట్లకై వచ్చువారిని వంతెనను గూర్చి యడుగుడు.