నాలుగు గవ్వలు

12 మే 2024, మైపాడు

రేపటి ఓటు కోసం ఊరికి వచ్చాం. పొద్దుగూకినాక ఒడ్డున దుప్పటి పరిచి అష్టాచమ్మా ఆడాం. పాపకు చమ్మే పడలేదు, విసుక్కుంది. "అష్ట పడ్డంత తేలిగ్గా చమ్మ పడదే. నా చిన్నప్పట్నించీ ఇంతే" అంది అమ్మ. పాప ఒప్పుకోలేదు. "గవ్వకు ఉండేది రెండే పక్కలు గదా అవ్వా. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. రెండూ పదహారింట ఒకటే."

బళ్లో చెప్పిన లెక్కే. కానీ గవ్వకు ఒక పక్క డిప్ప, ఒక పక్క పళ్ల నోరు. అది సగం సగం పడుతుందని ఎవరన్నారు?

13 మే

ఓటేసి వచ్చి వరండాలో కూర్చున్నాం. ఇసుక మీద దుప్పట్లో గవ్వలు సరిగా దొర్లవు, అందుకే గచ్చు మీద వేశాం. పాప వేసేది, నేను గీతలు గీసేది. పాతిక సార్లకు నూరు గవ్వలు. వెల్లకిలా పడ్డవి 47. "చూశావా, సగమే!" అంది పాప.

ఆపబుద్ధి కాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్ అనే గణితాచార్యుడు ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేశాడు. మొదటి నూటికి బొమ్మలు 44. వెయ్యికి 502. మొత్తానికి 5,067. నూటి దగ్గరే ఆపి ఉంటే ఆ నాణెం మీద ఎంత అపనింద పడేదో! ఈ కథ పాపకు చెప్పాను. మళ్లీ గవ్వలు చేతిలోకి తీసుకుంది.

14 మే

నూరుసార్లు పూర్తయ్యాయి. 400 గవ్వల్లో వెల్లకిలా 164. అంటే 0.41. చమ్మ 3 సార్లు, అష్ట 13 సార్లు.

పాప తనే కాగితం తీసుకుంది. 0.41ని నాలుగుసార్లు గుణిస్తే 0.028, నూటికి మూడు. 0.59ని నాలుగుసార్లు గుణిస్తే 0.121, నూటికి పన్నెండు. చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. "అవ్వా, నువ్విప్పటిదాకా ఎన్నిసార్లు వేసుంటావు?"

"ఎవరు లెక్కపెట్టారమ్మా" అంది అమ్మ, చాట పక్కన పెట్టి. డెబ్భై ఏళ్ల ఆటను నేను వట్టి మాటగా విన్నానే అని నాకు బాధేసింది.

"ఇందులో ఒకటి పాతది కాదు. పగిలితే మార్చా" అని తర్వాత చెప్పింది అమ్మ. నాలుగూ ఒకేలా పడతాయని కూడా మేమే అనుకున్నాం! పాప గోళ్ల రంగు తెచ్చి ఒక్కో గవ్వకు ఒక్కో చుక్క పెట్టింది. రేపు ఒక్కోదాన్నీ విడిగా నూరుసార్లు వేస్తుందట.