బాపు, నేను, మిహిర

‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ చూసినోళ్లు ఎవరెవరు అని మా హాస్టల్ రూంలో అడిగితే నాది కాక ఇంకొక్క చెయ్యి లేచింది. 2018 డిసెంబర్ 21న రిలీజైన సినిమా. ‘ఇంటర్‌స్టెల్లార్’ గురించి గంటసేపు మాట్లాడే మావాళ్లు, తెలుగులో అంతరిక్షం మీద సినిమా ఉందంటే మాత్రం నవ్వుతారు.

నవ్వడానికి కారణాలున్నాయి, ఒప్పుకుంటా. ‘ఘాజీ’ తీసిన సంకల్ప్ రెడ్డిదే ఇది కూడా. కానీ ఆ టెన్షన్ ఇందులో లేదు. జీరో గ్రావిటీ సీన్లలో తాళ్లు కనపడకపోయినా ఉన్నాయని తెలిసిపోతుంది. టైటిల్ చూసి నేను లెక్క కూడా వేశా. భూమికి దగ్గరగా తిరిగే శాటిలైట్ వేగం గంటకు దాదాపు 28,000 కిలోమీటర్లు. 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉండేదానికే 11,000. మరి 9000తో తిరగాలంటే ఇంకా పైకి పోవాలి!

అయినా ఆ సినిమా అంటే నాకిష్టం. దసరా సెలవులకు బోథ్ పోయినప్పుడు బాపుతో కూర్చొని ల్యాప్‌టాప్‌లో చూశా. మిహిర అనే శాటిలైట్ కక్ష్య తప్పుతుంది. దాన్ని సరిచేయకపోతే కమ్యూనికేషన్ అంతా ఆగిపోతుంది. ఉద్యోగం వదిలేసి పోయిన దేవ్‌ని, అంటే వరుణ్ తేజ్‌ని, మళ్లీ పిలిపిస్తారు.

"ఎవలి మీద కక్ష?" అన్నడు బాపు.

నవ్వొచ్చింది గానీ, చెప్పబోతే నాకే మాట రాలేదు. ఇంగ్లీష్ మీడియం కదా, నాకు ‘ఆర్బిట్’ తెలుసు, ‘కక్ష్య’ ఈ సినిమాలోనే సరిగ్గా విన్నా. చివరికి వడిసెల గుర్తొచ్చింది. బాపు చిన్నప్పుడు జొన్నచేన్ల మంచె ఎక్కి పిట్టల్ని కొట్టింది దాంతోనే. తిప్పే చెయ్యి భూమి, తాడు ఆకర్షణ, రాయి శాటిలైట్ అని చెప్పా.

"మరి గా తాడేది, కనపడ్తలేదు?"

"కనపడదు బాపూ."

కాసేపు ఆగి, "మిహిర పడిపోతే మన ఫోన్లు బందైతయా?" అన్నడు. ఫోన్లు చాలావరకు టవర్లు, నేలకింది ఫైబర్ కేబుళ్ల మీద నడుస్తాయని, పోయేది డిష్ టీవీయేనని చెప్పా. అది వానొస్తే ఎట్లాగూ పోతుంది.

"నువ్వు సదివేది గిదేనా?"

"ఆ, గిట్లాంటిదే" అన్నా. ఎందుకన్నానో తెల్వదు. దేవ్ కూడా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు కదా అనుకున్నా. తెల్లారి బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్‌లో, "మా పోరడు శాటిలైట్ల సదువు సదువుతుండు" అని బాపు చెప్తుంటే పక్కనే తలొంచుకొని నిలబడ్డా. ఆ సెమిస్టర్ నాకు డేటాబేస్‌లో బ్యాక్‌లాగ్ ఉంది.

పోయిన వారం ఫోన్ చేసిండు. ఊళ్లో వాన, టీవీ పోయింది. "మిహిర మల్ల తప్పింది రా. నీ సదువు అయిపోయేదాకా గిట్లనేనా?"

ఈసారి చెప్పేశా. "బాపూ, నేను సదివేది అది కాదు."

అటునుంచి వాన చప్పుడు తప్ప ఏం లేదు. తర్వాత, "మరేంది?" అన్నడు.

డేటాబేస్‌కి తెలుగు మాట వెతుక్కున్నా. దొరకలేదు.

"మన పహాణీ ఉంటది కదా బాపూ, ఏ సర్వే నంబరు ఎవలిదో రాసి పెట్టేది..."

"ఆ, చెప్పు" అన్నడు.