పటంలో పైన ఏముంది?

నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. దిక్కులు నాలుగని తెలుసుగానీ, బర్కత్‌పుర చమన్ దగ్గర నిలబెట్టి ఉత్తరం ఎటో చూపించమంటే నీళ్లు నమలడమే! నవలలు రాసుకునే మనిషికి దిక్కులతో పనేమిటని అనుకునేదాన్ని, మొన్నటి ఆ రాత్రి దాకా.

ఆ రాత్రి అమ్మకి ఆయాసం వచ్చింది. మావారు ఊళ్లో లేరు. ఆటో పిలిచి, అమ్మని భుజానికి ఆనించుకుని, ఫోనులో మ్యాపు తెరిచాను. ఆటో కాచిగూడ చౌరస్తా వైపు పోతోంది. ఆసుపత్రి సందు మ్యాపులో ఎడం పక్కన కనిపించింది. "ఎడమకి తిప్పు బాబూ!" అన్నాను ధీమాగా. ఆ సందు కాస్తా ఓ గోడ దగ్గర ఆగిపోయింది. మళ్లీ దారిలో పడేసరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ అమ్మ నా చెయ్యి వదల్లేదు.

దేవుడి దయవల్ల గండం గడిచింది. నేను మాత్రం మ్యాపుని తిడుతూనే ఉన్నాను.

సెలవు మీద వచ్చిన మా తమ్ముడు అంతా విని, "తప్పు మ్యాపుది కాదక్కా. అది నార్త్-అప్‌లో ఉంది, నువ్వేమో హెడ్-అప్‌లో ఉన్నావు" అన్నాడు. వాడు సరుకుల ఓడలో ఆఫీసరు. డ్యూటీ అంతా రాడార్ తెర ముందే.

"తెలుగులో ఏడవరా!"

వాడు ఉప్మా పళ్లెం ముందుకి లాగి, నడిమధ్య ఓ జీడిపప్పు పెట్టాడు. "ఇది మన ఓడ. చుట్టూ ఆవాలు వేరే ఓడలు, కొండలూ. హెడ్-అప్ అంటే ఓడ అణియం ఎటుంటే అదే తెరమీద పైన. కిటికీలోంచి కుడివైపు కనిపించేది తెరమీదా కుడివైపే. కానీ ఓడ తిరిగితే బొమ్మంతా తిరుగుతుంది. అలలకి అణియం ఊగితే చుక్కలు అలుక్కుపోతాయి."

"మరి నార్త్-అప్?"

"ఎప్పుడూ ఉత్తరమే పైన. ఓడ ఎటుందో గైరో దిక్సూచి చెబుతుంది. అణియం గీత తిరుగుతుందేగాని బొమ్మ తిరగదు. సముద్రపటంతో పోల్చుకోవడం సులువు. చిక్కల్లా, దక్షిణంగా పోయేటప్పుడు మన కుడిచేతి ఓడ తెరమీద ఎడం పక్కన ఉంటుంది."

నా గుండె గతుక్కుమంది. ఆటో పోయిందీ దక్షిణానికే!

"మన విశాఖనే చూడు. హార్బరు ముఖద్వారానికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ. ఓడ లోపలికొచ్చేటప్పుడు అది ఎడమచేతికి, బయటికెళ్లేటప్పుడు కుడిచేతికి. నార్త్-అప్‌లో మాత్రం ఎప్పుడూ కింది పక్కనే."

మూడోది కోర్స్-అప్ అట. పోదలుచుకున్న దారిని పైన పెట్టుకోవడం. అణియం కాస్త ఊగినా బొమ్మ ఊగదు. దారి మార్చినప్పుడు మళ్లీ సర్దుకోవాలి.

"ఇంతకీ ఏది మంచిదిరా?"

"మూడూ మంచివే. డ్యూటీకి వచ్చినవాడు ముందు తెర ఏ పద్ధతిలో ఉందో చూసుకోవాలి. చూసుకోకుండా కుడీ ఎడమా తేల్చేస్తే..." వాడు ఆగిపోయాడు. పక్కగదిలో అమ్మ దగ్గింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఆటో ఎక్కగానే మ్యాపులో ఉత్తరం ఎటుందో చూసి, ఫోనుని దారికి తగ్గట్టు తిప్పి పట్టుకుంటున్నాను. నవ్వితే నవ్వండి.

అమ్మ మాత్రం, "ఆ తిప్పుళ్లెందుకే? ఆటో అబ్బాయిని అడగరాదూ!" అంటుంది. అది ఏ అప్పో తమ్ముణ్ణి అడగాలి.