బొమ్మ గీస్తే చాలదమ్మా!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో హోటళ్ళకూ, ఆసుపత్రులకూ, విమానాశ్రయాలకూ గోడల నిండా బొమ్మలు పెట్టించే పని లేదు గనుక అంతటితో ఊరుకున్నారు. ఉండి ఉంటే మూడోది కూడా చేర్చేవాళ్ళే. ఎందుకంటారా? పెళ్ళిలో ఉన్న తంటాలన్నీ ఇందులోనూ ఉన్నాయి మరి. అటువాళ్ళు, ఇటువాళ్ళు, మాటలు, ముహూర్తం, కట్నకానుకల దగ్గర పేచీలు, చివర్లో అలకలు!

మా ఆడపడుచు కూతురు బెంగుళూరులో చేసే ఉద్యోగం సరిగ్గా ఇదే. ఎవరైనా పెద్ద భవనం కడితే అందులో ఏ గోడకు ఏ బొమ్మ బాగుంటుంది, ఎవరిచేత చేయించాలి, ఎంతవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది, ఎలా తెచ్చి బిగించాలి - ఇవన్నీ చూసిపెట్టడం. ఆర్ట్ కన్సల్టెంట్ అంటారట. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు మా అత్తగారు వక్కాకు నములుతూ, "ఏమే, గోడకు పటం తగిలిచ్చేదానికి గూడా జీతమిస్తారా?" అని నోరు తెరిచింది. మా పామిడిలో నైటీలు కుట్టే మిషన్ల చప్పుడు మధ్య బతికేవాళ్ళం. పీసుకింత అంటే తెలుస్తుంది గానీ, సలహాకింత అంటే ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

కానీ ఆలోచిస్తే ఈ పని మనకు కొత్తదేమీ కాదు. మన లేపాక్షి గుడి సంగతే తీసుకోండి. పదహారో శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. విరూపణ్ణ విజయనగర రాజుల కోశాధికారి. శిల్పులనూ, కప్పు మీద రంగుల బొమ్మలు వేసేవాళ్ళనూ కూడగట్టి అంత పని నడిపినవాడు. కథేమంటే, రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము వాడాడని రాజుకు కోపం వచ్చిందనీ, కళ్ళు తీయించమని శిక్ష వేస్తే తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడనీ, అందుకే కల్యాణ మంటపం సగంలో ఆగిపోయిందనీ చెబుతారు. గోడ మీద ఆ మరకలు ఇప్పటికీ చూపిస్తారు. "చూశావా అత్తా, ఖర్చుకు ముందే కాగితం మీద ఒప్పుదల తీసుకోకపోతే ఎంత పనైందో!" అని మా కోడలుపిల్ల ఆ కథ చెప్పి నవ్వుతుంది. నవ్వులాటకన్నా అందులో నిజం లేకపోలేదు.

ఆ నిజం నాకు బాగా తెలిసింది మా పుట్టింటి వైపు ఒక అక్క వల్ల. మా పుట్టిల్లు ధర్మవరం దగ్గర. అక్కడికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరంటే చాలామందికి గుర్తొస్తుంది. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ మా నోళ్ళకు ఇంకా అనంతపురమే. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఊరికి పేరు వచ్చింది, మంచిదే. కానీ పేరుతో పొయ్యి వెలగదు కదా!

ఆ పని ఎంత కష్టమో ఒక్కసారి చూస్తే మీరు మరిచిపోరు. మేక తోలో గొర్రె తోలో తెచ్చి నానబెట్టాలి. వెంట్రుక లేకుండా గీకాలి. సాగదీసి మేకులు కొట్టి ఎండబెట్టాలి. అద్దంలా వెలుతురు దూరేటట్టు పలచబడ్డాక గీత గీసి, ఉలితో ఒక్కొక్క చిల్లూ పొడిచి, రెండువైపులా రంగులు వేయాలి. ఒకప్పుడు ఈ బొమ్మలు రాత్రంతా తెర మీద రామాయణం ఆడేవి. సినిమాలూ టీవీలూ వచ్చి ఆట తగ్గాక అవే దీపాల తొడుగులై, గోడపలకలై బతుకుతున్నాయి.

ఆ అక్కకు ఒక హోటలు వాళ్ళు వచ్చి 24 పలకలు కావాలన్నారు. పలకకు 6,000 అని నోటిమాట. అంటే 1,44,000. బయానా 30,000 చేతిలో పెట్టిపోయారు. తోళ్ళకూ, రంగులకూ, కూలికీ చాలక అక్క కమ్మలు కుదువ పెట్టింది. మూడు నెలలు ఇంటిల్లిపాదీ వంచిన నడుము ఎత్తలేదు. తీరా పట్టుకుపోతే, "రంగు మరీ ఎక్కువైంది, మా గోడలకు నప్పదు" అన్నారు. 15 తీసుకుని పలకకు 4,000 లెక్కగట్టి, బయానా పట్టుకుని 30,000 ఇచ్చి పంపారు. మొత్తం కలిపితే 60,000. తొమ్మిది పలకలు మళ్ళీ బస్సెక్కి ఇంటికొచ్చాయి. ఎవర్ని అడగాలి? ఏ కాగితం చూపించాలి? కొడుకేమో, "ఇంకీ పని నాకొద్దుమా, ఆటో తోలుకుంటా" అని బెంగుళూరు బస్సెక్కేశాడు. నాలుగైదు తరాల ఉలి ఒక్క ఆర్డరుతో కింద పడిపోయేటట్టుంది.

అప్పుడే మా కోడలుపిల్ల సంక్రాంతికి పామిడి వచ్చింది. సంగతంతా విని, "అత్తా, ఒక ఆసుపత్రి వాళ్ళు పన్నెండు పలకలు అడుగుతున్నారు. అక్కనే అడుగుదాం. కానీ నేను చెప్పినట్టు చేయాలి" అంది. అక్కకు భయం. "పాపా, సంతకాలూ గింతకాలూ అడిగితే ఆ ఆర్డరు గూడా పోతాదేమో!" అని. ఆ భయం తప్పనలేం. పని కావలసినవాడు గట్టిగా అడగలేడు. అందుకే మధ్యలో మరో మనిషి కావలసి వచ్చింది.

ఆ పిల్ల చేసిందేమిటో వినండి. మొదట గోడ దగ్గరికి వెళ్ళి కొలత తీసుకుంది. మధ్యాహ్నం ఎండ పడే గోడ వద్దంది, రంగు వెలిసిపోతుందని. మా అనంతపురం వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే వాన. ఇక్కడ గలగలలాడుతూ ఎండిన తోలు, చెమ్మగాలి తగిలే చోటికి పోతే తేమ పీల్చి అప్పడంలా వంకర పోతుంది. కాబట్టి నాలుగంచులా చట్రం ఉండాలంది. వెనక వేడెక్కే బల్బులు కాకుండా ఎల్‌ఈడీలు పెట్టమంది. తర్వాత ఒకే ఒక్క పలక నమూనాగా చేయించి, రంగులు వాళ్ళచేత ఒప్పించి, దాని వెనక సంతకం పెట్టించింది. ఇక "రంగెక్కువైంది" అనేదానికి వీల్లేదు! డబ్బు నాలుగు విడతలు: మొదట నూటికి 40, సగం పనికి 30, సరుకు చేరగానే 20, బిగించాక 10. వానాకాలంలో తోలు ఎండదు గనుక గడువులో మరో మూడు వారాలు కలిపింది. పెట్టెలో ఎలా సర్దాలి, దారిలో దెబ్బతింటే ఎవరు భరించాలి, అన్నీ రెండు పేజీల్లో తెలుగులోనే రాయించింది.

ఆ పిల్ల ఫీజు ఆసుపత్రి వాళ్ళిచ్చారు, అక్క దగ్గర పైసా తీసుకోలేదు. ఇది మీరు గుర్తుంచుకోవలసిన మాట. ఇటూ అటూ రెండుచోట్లా కమిషను తినే మధ్యవర్తులూ ఉంటారు. ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారో ముందే అడగండి. చెప్పడానికి నసిగితే నమస్కారం పెట్టేయండి.

ఇంకో షరతు విని నేనే ఆశ్చర్యపోయాను. పలకల పక్కన అక్క పేరూ ఊరూ రాయాలని! కళాకారుడి పేరుకు 1957 నాటి కాపీరైటు చట్టంలో 57వ సెక్షను రక్షణ ఉందట. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన 140 అడుగుల కంచు శిల్పాన్ని 1979లో మరమ్మతులప్పుడు పీకి గోదాములో వేశారు. ఆయన ఊరుకోలేదు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన శిల్పం ఆయనకు తిరిగివ్వమనీ, 5 లక్షలు కట్టమనీ తీర్పు చెప్పింది. డబ్బులిచ్చి కొన్నంత మాత్రాన బొమ్మతో చేసినవాడికి సంబంధం తెగిపోదన్నమాట.

మధ్యలో పెద్ద దిక్కు ఉంటే కళ ఎలా నిలబడుతుందో మన దగ్గరే సాక్ష్యముంది. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డును నడిపిన కమలాదేవీ ఛటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు గురువు. ఆయన కుమారుడు గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇక పెద్ద ఎత్తున చూడాలంటే బొంబాయి విమానాశ్రయం. 2014లో తెరిచిన రెండో టెర్మినల్లో, అప్పట్లో దాన్ని నడిపిన మన జీవీకే సంస్థ, రాజీవ్ సేఠీ గారి ఆధ్వర్యంలో దాదాపు మూడు కిలోమీటర్ల గోడ పొడుగునా అయిదు వేలకు పైగా కళాఖండాలు పెట్టించింది. ఎన్ని రాష్ట్రాల పనివాళ్ళు, ఎన్ని లారీలు, ఎన్ని మేకులు! ఒకరు కూర్చుని లెక్క చూడకుంటే అయ్యే పనేనా?

అక్క పన్నెండు పలకలూ గడువులోపలే చేరాయి. నాలుగో విడత మాత్రం రెండు నెలలు ఆలస్యమైంది. కాగితం ఉంది గనుక అడిగి రాబట్టారు. కమ్మలు విడిపించుకుంది. కొడుకు ఇంకా ఆటోనే తోలుతున్నాడు. కానీ పలకలు బిగించే రోజు ఆసుపత్రికి వచ్చి, మేకులు అందిస్తూ, తల్లి పేరున్న రేకు ముందు చాలాసేపు నిలబడ్డాడట.

ఇప్పుడు అక్క లెక్కల పుస్తకం నేనే రాస్తున్నాను. పీసులూ, దారపుండలూ, కూలీ లెక్కలు రాసిన చేతికి తోళ్ళూ రంగులూ ఏపాటి! మీ ఊళ్ళోనూ కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళో, కలంకారీ వేసేవాళ్ళో, ముగ్గుల్లో చేయి తిరిగిన పక్కింటి పిల్లో ఉండే ఉంటారు. వాళ్ళకు ఆర్డరొస్తే ఈ అయిదూ రాసి పెట్టండి: కొలత, నమూనా మీద సంతకం, విడతలు, గడువు, పేరు. బెంగుళూరు నుంచి ఎవరూ రానక్కరలేదు. పాలవాడి లెక్క రాసే నోటుపుస్తకం మీ అందరి దగ్గరా ఉంది కదా, అందులో ఒక్క పేజీ చాలు.