వంటింట్లో పుట్టిన బెలూను

ఎవరికైనా గుండెలో బ్లాకు ఉందంటే చాలు, "స్టెంటు వేయించారా?" అనేదే మన మొదటి ప్రశ్న. దీనికంతటికీ దారి వేసిన డాక్టరు పేరు మాత్రం చాలామందికి తెలీదు. ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్. 1939లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టాడు.

జూరిచ్‌లో పగలు ఆసుపత్రి డ్యూటీ, రాత్రిళ్ళు వంటింటి బల్ల మీద సన్నటి గొట్టాలకి ప్లాస్టిక్ బెలూన్లు అతికించడం. ఎంత ఊదినా బెలూను ఒక సైజు దాటకూడదు, దాటితే రక్తనాళం చిరుగుతుంది. అదీ అసలు చిక్కు. ముందు కాలి నాళాల్లో వాడాడు, కుక్కల గుండెల్లో ప్రయత్నించాడు. 1977 సెప్టెంబరు 16న 38 ఏళ్ళ మనిషికి, మెలకువగా ఉండగానే, గుండె నాళం తెరిచాడు. పదేళ్ళ తర్వాత చూసినా అది తెరుచుకునే ఉంది.

నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. హిట్టయింది కదా అని అందరికీ చేసెయ్యలేదు. పొట్టి పూడికలే ఎంచుకునేవాడు, బైపాస్ సర్జన్లని సిద్ధంగా ఉంచుకునేవాడు. పైగా తోటి డాక్టర్లకి టీవీలో లైవ్‌గా చూపించేవాడు, బెడిసికొడితే అదీ కనబడుతుందని తెలిసీ. (మేమైతే డెమోకి ముందు పదిసార్లు రిహార్సల్ వేసుకుంటాం!)

1980లో అట్లాంటా వెళ్ళాడు. 1985లో తను నడుపుతున్న విమానమే కూలి, 46 ఏళ్ళకే పోయాడు. మనిషికి మొదటి స్టెంటు వేసింది ఆ మరుసటేడు.

గుండెపోటు వచ్చినవాళ్ళకి స్టెంటు ప్రాణం నిలుపుతుంది, అందులో అనుమానం లేదు. నిలకడగా ఉన్న గుండెజబ్బు సంగతి వేరు. మంచి మందులకి తోడు స్టెంటు వేసినా మరణాలు, గుండెపోట్లు తగ్గలేదని 2007లో కరేజ్ అధ్యయనం తేల్చింది. నాన్న యాంజియోగ్రాం టేబుల్ మీద ఉండగా, బయట సంతకం పెట్టే కొడుక్కి ఈ తేడా ఎవరు చెప్తున్నారు?