నెట్ లేకుండా హరిబౌలి మీద

హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండ్‌లో దిగి సాలార్‌జంగ్ మ్యూజియం పక్కగా దారుల్‌షిఫా వైపు మళ్లగానే గోడల మీద రంగు గుర్తులు కనబడ్డాయి. అది 2025 ఫిబ్రవరి. మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేసే కూల్చివేతలు అంతకు నెల ముందే మొదలయ్యాయి. ఇదే బస్టాండ్, అంటే ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల దారి అది. శంకుస్థాపన 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో జరిగింది. దారి పొడుగునా సుమారు 1100 ఆస్తులు కొంతో గొప్పో పోతాయని, గజానికి 81 వేల రూపాయల పరిహారమని అధికారులు ప్రకటించారు.

ఆటో ఎక్కితే నయాపుల్, చార్మినార్ మీదుగా హరిబౌలికి తొందరగానే చేరేవాణ్ని. కానీ డ్రోన్‌తో పైనుంచి తీసే ముందు, పోబోయే ఇళ్లను నేల మీది నుంచి కూడా చూడాలని మెట్రో వెళ్లే దారినే నడిచాను. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో ఆసుపత్రి కట్టించిన దారుల్‌షిఫా, ఆరో నిజాం బట్టల బీరువా ఉన్న పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, ఈ నగరానికి రూపురేఖలు గీసిన మీర్ మోమిన్ దాయిరా, ఆ తర్వాత హరిబౌలి. సగం కోసిన ఇళ్లు కొన్ని అప్పటికే నిలబడి ఉన్నాయి. రెండో అంతస్తులో ఎవరిదో పడకగది వీధికి తెరుచుకుపోయింది. ఆకుపచ్చ సున్నం, గోడలో గూడు, గూట్లో నూనె మరక. ఆ గది ముందు చాలాసేపు నిలబడిపోయాను.

హరిబౌలిలో నా మిత్రుడి ఇల్లుంది. అక్కన్న మాదన్న గుడికి దగ్గర్లోనే. డంగు సున్నంతో కట్టిన పాత ఇల్లు, మధ్యలో ఆకాశం కనబడే వాకిలి, ఒక మూల పూడ్చిన బావి. ముందు భాగం రోడ్డులోకి పోతుంది. మిత్రుడి నాన్నను నేనూ బాపు అనే పిలుస్తాను. “ఇంటికి ముందు నుంచి ఫొటోలు మస్తుగ ఉన్నయి బిడ్డా. పైనుంచి ఎట్లుంటదో నేనే ఎన్నడు చూడలే. పోకముందు ఒక్కసారి తీసిపెట్టు” అని ఆయనే ఫోన్ చేశారు. వరంగల్ నుంచి నేను బయలుదేరింది అందుకే.

నా దగ్గరున్నది 250 గ్రాముల లోపు చిన్న డ్రోన్. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల్లో దీన్ని నానో తరగతి అంటారు. నడపడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడగరు. దాని రిమోట్‌కు తగిలించే తెర మాత్రం సిమ్ లేని ట్యాబ్. రాత్రి భోజనాల దగ్గర సంచి విప్పితే బాపుకు మొదట వచ్చిన అనుమానం అదే.

“దీంట్ల సిమ్ము లేదు గద. మా ఇంట్ల ఫోనే సక్కగ పని చెయ్యది. నెట్ లేకుంటె ఇది ఎట్ల ఎగురుతది?”

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. డ్రోన్ కొన్నవాళ్లు కూడా అడిగారు. ఫోన్ మీద ఆడేదేదైనా ఇంటర్నెట్ మీదే నడుస్తుందని అనుకోవడం మనకు అలవాటైపోయింది. నిజానికి చేతిలోని రిమోట్‌కూ గాలిలోని డ్రోన్‌కూ మధ్య ఉండేది వాటి సొంత రేడియో బంధం. 2.4 గిగాహెర్ట్జ్‌లోనో 5.8 గిగాహెర్ట్జ్‌లోనో అవి రెండూ నేరుగా మాట్లాడుకుంటాయి. మధ్యలో సెల్ టవర్‌కు పని లేదు. తాను ఎక్కడుందో డ్రోన్ జీపీఎస్ ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది. ఉపగ్రహాలు చెబుతాయి, ఇది వింటుంది. ఆ వినడానికి రీచార్జి అక్కర్లేదు. తీసిన ఫొటోలు డ్రోన్‌లోనే ఉన్న మెమరీ కార్డు మీద పడతాయి. 

మరి నెట్ దేనికి కావాలి? ఎగరడానికి ముందు చేసుకునే పనులకు. యాప్‌లో లాగిన్ అయి ఉండాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా బాకీ ఉంటే కొన్ని డ్రోన్లు మిద్దె మీద మొరాయిస్తాయి, కాబట్టి దాన్ని ఇంటి దగ్గరే ముగించాలి. మనం ఎగరవేసే చోటి పటాన్ని ముందే పెద్దది చేసి నలుమూలలా జరిపి చూస్తే అది ట్యాబ్‌లో నిలిచి ఉంటుంది. ఇవన్నీ వరంగల్‌లోనే చేసుకొచ్చాను. ఒక్క పని మాత్రం ముందే చేస్తే చాలదు: డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడడం. పోలీసులు అవసరమనుకుంటే ఏ ప్రాంతాన్నైనా ఒక విడతకు 96 గంటల వరకు రెడ్ జోన్‌గా, అంటే అనుమతి లేకుండా ఎగరకూడని చోటుగా ప్రకటించవచ్చు. పాతబస్తీలో ఊరేగింపులకు, సభలకు కొదవ లేదు. నిన్న పచ్చగా ఉన్నది ఇవాళ ఎర్రగా ఉండొచ్చు. అందుకే తెల్లవారుజామున మిత్రుడు సందు చివర సిగ్నల్ దొరికే టీకొట్టు దాకా వెళ్లి, తన ఫోన్‌లో ఆ పటం చూసి వచ్చాడు. స్థానిక పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇచ్చి అనుమతి అంతకు ముందే తెచ్చి పెట్టాడు.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. బేగంపేట విమానాశ్రయం చార్మినార్‌కు సూటిగా పది కిలోమీటర్లు. విమానాశ్రయం హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య పడే చోట అనుమతి లేకుండా ఎగరగలిగేది 200 అడుగుల దాకే, అంటే 60 మీటర్లు. చార్మినార్ మినార్ల ఎత్తు సుమారు 56 మీటర్లు. పాత నగరం మీద చట్టం గీసిన గీత ఇంచుమించు 1591 నాటి కట్టడం తలతో సమానంగా ఉంది. నాకు ఆ లెక్క నచ్చింది. చార్మినార్ వైపు మాత్రం పోదలచుకోలేదు. అది పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం, దానికి వేరే అనుమతులు కావాలి. మా గీత బాపు ఇల్లు, దాని చుట్టుపక్కల మిద్దెలు, అంతే.

ట్యాబ్‌తో పాటు ఒక కాగితం కూడా తెచ్చుకున్నాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక, లియోనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1912 – 15 ప్రాంతంలో హైదరాబాద్‌ను వీధి వీధీ కొలిచి పటాలు గీశారు. హరిబౌలి ఉన్న పటం నకలు నా సంచిలో ఉంది. సందుల వంకరలు, ఇళ్ల హద్దులు అందులో ఓపికగా గీసి ఉన్నాయి. ఆ రోజుల్లో గొలుసులు పట్టుకుని ఈ సందుల్లో తిరిగినవాళ్ల శ్రమను తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది.

పొద్దున మిద్దె ఎక్కాం. సన్నగా మంచు, ఎక్కడినుంచో నహారి వాసన. ఫోన్‌లో సిగ్నల్ గీతలు లేవు. మూడిళ్ల అవతల ఒక మిద్దె మీద సెల్ టవర్ మాత్రం నిటారుగా నిలబడి ఉంది. దాని ఎత్తు అంచనా వేసి, బంధం తెగితే డ్రోన్ తిరిగొచ్చే ఎత్తును 45 మీటర్లకు పెట్టాను. పాతబస్తీలో ఈ ఒక్క అంకె చాలా ముఖ్యం. నాలుగంతస్తుల ఇంటి వెనక్కి డ్రోన్ దిగిందా, రేడియో బంధం తెగుతుంది. అప్పుడది ముందు పెట్టిన ఎత్తుకు లేచి తిరిగి వస్తుంది. ఆ ఎత్తు తక్కువైతే దారిలో ఏ నీళ్ల ట్యాంకునో గుద్దుకుంటుంది. ప్రతి ఇంట్లో వైఫై పెట్టె ఉన్న చోట 2.4 గిగాహెర్ట్జ్ కిక్కిరిసి ఉంటుంది, కాబట్టి 5.8కి మార్చాను. అది గోడలను అంతగా దాటలేదు. డ్రోన్ నా కంటికి కనబడేంత దూరంలోనే ఉంటుంది కనుక ఫరవాలేదు.

స్లాబులో ఇనుప చువ్వలుంటే దిక్సూచి తికమకపడుతుంది. చెక్క బల్ల ఒకటి పైకి తెప్పించి దాని మీద డ్రోన్ పెట్టాను. అక్కడ ఓపిక కావాలి. ఊరు మారి వచ్చిన యంత్రం ఉపగ్రహాలను మళ్లీ వెతుక్కుంటుంది. ఒక్కో ఉపగ్రహం తన దారి వివరాలు చెప్పడానికే అర నిమిషం పడుతుంది. మొత్తం ఉపగ్రహాల పట్టీ అందాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఫోన్లు ఈ వివరాలను నెట్ నుంచి తెచ్చుకుని క్షణాల్లో చోటు చెప్పేస్తాయి. నెట్ లేనప్పుడు ఆకాశం నుంచే వినాలి. “ఇల్లు గుర్తుపెట్టుకున్నాను” అని డ్రోన్ చెప్పే దాకా లేపకూడదు.

ఆ వేచి ఉన్న కాసేపట్లోనే అసలు అనుమతులు దొరికాయి. పక్క మిద్దె మీద పావురాల గూడున్న పెద్దమనిషి చేయెత్తి ఆపమన్నాడు. ఆయన గుంపు గాలిలో ఉంది. అవి దిగాక ఎగరేసుకొమ్మన్నాడు. అవి తిరిగి తిరిగి ఒక్కొక్కటే ఆయన మిద్దె మీద వాలాయి. ఇటువైపు ఇంటి నుంచి ఒక పెద్దమ్మ గోడ మీదుగా చూసి అడిగింది, “క్యా ఉడారే బాబా?” మిత్రుడు దక్కనీలోనే వివరించాడు. ఆమె ఒక్క మాట అంది: “హమారే ఆంగన్ కా ఫోటూ నక్కో.” మా వాకిలి ఫొటో వద్దని. పాతబస్తీ ఇంటి వాకిలి వీధి కంటికి దూరంగా, ఆడవాళ్లు నిశ్చింతగా తిరగడానికి కట్టుకున్న చోటు. పైనుంచి వచ్చే కెమెరా ఆ చాటును లేకుండా చేస్తుంది. వాళ్ల వాకిలి మీదికి పోకుండా గీతను ఒక వరస ఇవతలికి జరిపాను. ట్యాబ్ ఆమెకు చూపించి, ఎక్కడి దాకా వెళ్తానో వేలితో గీసి చెప్పాను. ఆమె తల ఊపి, పిల్లలను లోపలికి పిలిచింది. ఏ యాప్‌లోనూ దొరకని అనుమతి ఇది. దీన్ని మించింది లేదని నా గట్టి నమ్మకం.

ఇంకొకటి, మాంజా. సంక్రాంతి వెళ్లి నెల దాటినా కరెంటు తీగలకు, ట్యాంకుల పైపులకు తెగిన దారాలు వేలాడుతూనే ఉన్నాయి. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అయినా నైలాన్ దారం దొరుకుతూనే ఉంది. అది పక్షుల రెక్కలనూ మనుషుల గొంతులనూ కోస్తుంది. రెక్కకు చుట్టుకుంటే డ్రోన్ రాయిలా పడుతుంది, కింద ఎవరున్నా సరే. మేం ఎగరవేసే మేరలో దారాలన్నీ కత్తిరించాకే మీట నొక్కాను.

నలభై మీటర్ల ఎత్తు. కెమెరా నిట్టనిలువుగా కిందికి. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ ముప్పావు వంతు కలిసేలా వరస వెంట వరస తీశాను. అలా తీస్తేనే తర్వాత వాటిని కుట్టి ఒకే పెద్ద పటం చేయగలం. రెండు గద్దలు పైన చక్కర్లు కొట్టాయి. అవి కిందికి దిగుతుంటే డ్రోన్‌ను దించేసి, వెళ్లాక మళ్లీ లేపాను.

తెర మీద మొదట నాకు తోచింది, ఈ బస్తీ వీధి నుంచి కనిపించేది కాదని. వీధి నుంచి చూస్తే దుకాణాల బోర్డులు, తీగలు, ఇరుకు. పైనుంచి చూస్తే చదరపు వాకిళ్లు ఒకదాని పక్కన ఒకటి. ఒక్కో వాకిట్లో వేప చెట్టో దానిమ్మ చెట్టో ఉంది. నల్ల ట్యాంకుల మధ్య పాత సున్నపు కప్పులు బూడిద రంగులో, వాటి పిట్టగోడల మీద గచ్చు పూలు. తూర్పు అంచున రోడ్డు కోసం నరికిన గీత. దానికి ఇవతల బాపు ఇల్లు.

దించాక ట్యాబ్‌ను మన్ పటం పక్కన పెట్టి చూశాం. సందు వంపు అదే. వందేళ్లు దాటినా ఇంటి వెనక గోడ అదే చోట ఉంది. బాపు కళ్లద్దాలు సవరించుకుని వేలితో తడిమారు. “ఇది మా అమ్మ తులసికోట ఉన్న జాగ. ఈడికెళ్లి ఈడిదాక పోతది” అన్నారు. తర్వాత పక్కింటి పెద్దమ్మను పిలిచి, ఆమె వాకిలి ఎందులోనూ లేదని ఒక్కొక్క ఫొటో చూపించారు. పావురాలాయన కూడా వచ్చాడు. తన ఇంటి ముందు భాగం కూడా పోతుందని, తనకూ తీసిపెట్టమని అడిగాడు. తీశాను.

ఆ దారిలో ఇల్లున్న ప్రతివాళ్లకూ నేను చెప్పేదొకటే. కూల్చే యంత్రం రాకముందే మీ ఇంటి కప్పును, వాకిలిని, బావిని పైనుంచి తీయించుకోండి. పరిహారం కాగితాల్లో గజాలు మాత్రమే ఉంటాయి. తీయడానికి నెట్ అక్కర్లేదు, పెద్ద యంత్రం అక్కర్లేదు. ఆ పొద్దున జోన్ పటం చూసుకోండి, పోలీసులకు చెప్పండి, తీగల మీది దారాలు కత్తిరించండి, ఇరుగుపొరుగును తప్పకుండా అడగండి. తీసిన ఫొటోలు రెండు చోట్ల దాచి, ఒక ప్రతి మీ పిల్లలకు ఇవ్వండి.