రాజుగారికీ సుంకం తప్పని వంతెన

వంతెన దక్షిణపు కొసన చిన్న ఇటుకల ఇల్లు ఉంది. ఒకప్పుడు సుంకం వసూలు చేసేవాళ్లు కాపురమున్న ఇల్లు. దాని గోడకున్న బోర్డు మీద వంతెన దాటే ప్రతి ప్రాణికీ రేటు రాసి ఉంది. ఆరు గుర్రాల బండికి రెండు షిల్లింగులు. ఆవుకైనా ఎద్దుకైనా ఒక పెన్నీ. దూడ, పంది, గొర్రె, గొర్రెపిల్ల ఏదైనా తలకు అర పెన్నీ. కాలినడకన పోయే మనిషికీ అదే అర పెన్నీ. ఆ పట్టిక కింద ఒక గమనిక ఉంది. ఈ వంతెన ప్రైవేటు ఆస్తి కనుక డ్యూటీలో ఉన్నా లేకపోయినా ప్రతి సైనికుడూ, ప్రతి అధికారీ సుంకం కట్టాల్సిందేనట. సైన్యం సామాన్ల బండికీ, తపాలా బండికీ, చివరికి రాజకుటుంబానికి కూడా మినహాయింపు లేదట. నేను ఇంత దూరం వచ్చింది చాలావరకు ఈ గమనిక కోసమే.

ఇంగ్లండులో ష్రాప్‌షైర్ కౌంటీలో, సెవెర్న్ నది మీద ఉన్న ఈ వంతెన పేరు ఐరన్ బ్రిడ్జ్. పోత ఇనుముతో కట్టిన పెద్ద వంతెనల్లో ప్రపంచం మొత్తం మీద ఇదే మొదటిది. దాని పక్కన పెరిగిన ఊరికీ అదే పేరు స్థిరపడింది. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. "రాజమండ్రిలో పుట్టి పెరిగావు, ఇనుప వంతెన నీకు కొత్తా మావయ్యా?" అని రైల్లో అడిగింది. మన హేవలాక్ వంతెన 1900లో వచ్చింది, ఇది దానికన్నా 120 ఏళ్లు పెద్దదమ్మా అన్నాను.

టెల్ఫర్డ్‌లో రైలు దిగి బస్సెక్కితే కాసేపు కొత్త ఊరి రౌండబౌట్లు, గోదాములు తప్ప ఏమీ కనిపించవు. ఉన్నట్టుండి రోడ్డు దిగుడు పడుతుంది, రెండు పక్కలా చెట్లు కమ్ముకుంటాయి. లోయ అడుగున సెవెర్న్. బ్రిటన్‌లో అన్నిటికంటే పొడవైన నది ఇదే అయినా పొడవు 354 కిలోమీటర్లే. వర్షాలకు ఎర్రమట్టి కలిసిన నీళ్లు తొందరగా పోతున్నాయి. ఉత్తరపు ఒడ్డున ఊరు మెట్లు మెట్లుగా కొండెక్కింది. దక్షిణాన దట్టమైన అడవి. మంచుయుగంలో కరిగిన నీళ్లు కొండను కోసుకుంటూ పోగా ఏర్పడిన లోయ ఇది. ఆ కోతలోనే బొగ్గు, ఇనుప రాయి, సున్నపురాయి, బంకమన్ను పక్కపక్కనే బయటపడ్డాయి. సరుకు మోయడానికి నది ఉండనే ఉంది. ఇప్పుడు పక్షుల కూతలు వినబడే ఈ చోట ఒకప్పుడు రాత్రింబగళ్లు కొలుముల మంటలు లేచేవి.

ముందుగా కోల్‌బ్రూక్‌డేల్ వెళ్లాం. 1709లో మొదటి అబ్రహాం డార్బీ కట్టెబొగ్గు మానేసి కోక్‌తో ఖనిజం నుంచి ఇనుము తీసిన కొలిమి అక్కడ ఉంది. పైన కప్పు వేసి భద్రంగా చూసుకుంటున్నారు. అంతకుముందు ఇనుము కావాలంటే అడవులు నరకాల్సిందే. నేలబొగ్గును ముందే కాల్చి అందులోని గంధకం వగైరా మలినాలను పోగొడితే మిగిలేది కోక్. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసులు నడిచేదీ కోక్‌తోనే. ఆ పొడవాటి కథ మొదలైన ఇటుకల ముందు నిలబడ్డప్పుడు నాకు చేతులు జోడించాలనిపించింది, జోడించాను.

అక్కడినుంచి నది ఒడ్డు పట్టుకుని నడిచి వంతెనకు చేరాం. వంతెన ఎందుకు కావాల్సివచ్చిందో ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. రేవు పడవలకు వరదొచ్చినా ఇబ్బందే, నీళ్లు తగ్గినా ఇబ్బందే. నది నిండా సరుకు పడవలు తిరిగే రోజులు కాబట్టి మధ్యలో స్తంభం వేస్తే వాటికి అడ్డం. పైగా ఈ ఒడ్డులు నిలకడ లేనివి, జారిపోయే నేల. ఒక్క కమానుతో అటు నుంచి ఇటు దాటాలి. 1773లో థామస్ ఫార్నోల్స్ ప్రిచర్డ్ అనే ఆర్కిటెక్ట్ ఇనుముతో కడదామని ప్రతిపాదించాడు. 1776లో పార్లమెంటు చట్టం చేసింది. మరుసటి ఏడాది చివర్లో ప్రిచర్డ్ చనిపోయాడు. భారమంతా మొదటి డార్బీ మనవడైన మూడో అబ్రహాం డార్బీ మీద పడింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు. ఖర్చు అంచనా 3,200 పౌండ్ల దగ్గర వేసుకున్నారు. అది ఎంతో మించిపోయింది, మించినదంతా డార్బీ నెత్తినే పడింది. 1779 వేసవిలో కమానులు నిలబడ్డాయి, 1781 జనవరి 1న వంతెన తెరిచారు. డార్బీ మాత్రం ఆ అప్పుల నుంచి తేరుకోలేదు. 1789లో, నలభై నిండకుండానే పోయాడు. ఎవరెవరు ఎంత కట్టాలో రాసిన ఆ సుంకం బోర్డులో ఈ వంతెనకు అందరికన్నా ఎక్కువ కట్టిన మనిషి లెక్క లేదు.

వంతెన మీద నడిచినవాళ్లు తప్పకుండా కిందికి కూడా దిగాలి. అసలు వంతెన అక్కడే కనిపిస్తుంది. 30 మీటర్ల పైచిలుకు కమాను, అయిదు వరసలు, దాదాపు 380 టన్నుల ఇనుము. తల పైకెత్తి అతుకుల దగ్గరే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఒక ముక్కకు బెజ్జం, రెండో ముక్కకు అందులో దిగే నాలుక. సందు మిగిలినచోట సీల కొట్టి బిగించారు. కొన్నిచోట్ల ముక్క చివర పావురం తోకలా విచ్చుకుని పక్కముక్క గాడిలో ఇమిడిపోయింది. మన ఊళ్లో వడ్రంగి ద్వారబంధం బిగించే పద్ధతే ఇది, కాకపోతే చెక్కకు బదులు టన్నుల బరువున్న ఇనుము. ఇనుముతో ఇంత పెద్ద పని అంతకుముందు ఎవరూ చేయలేదు. ఎలా కలపాలో చెప్పే పుస్తకం లేదు, అందుకే చేతికి తెలిసిన పనిని నమ్ముకున్నారు. 1,700 దాకా ఉన్న ఈ ముక్కలన్నీ ఒకే కొలతవి కావు. పెద్ద ముక్కలను దేనికది ఉండాల్సిన చోటుకు సరిపోయేలా పోశారు. వీటిని ఎలా పైకెత్తారన్నది చాలాకాలం ఊహగానమే. 1997లో స్టాక్‌హోమ్‌లో దొరికిన ఎలియాస్ మార్టిన్ అనే చిత్రకారుడి నీటిరంగుల బొమ్మలో సగం కట్టిన వంతెన, దాన్ని నిలబెడుతున్న కొయ్య పరంజా కనిపించాయి. ఆ పని చేసిన కూలీల కష్టం కొంతైనా ఆ కాగితం మీద మిగిలింది.

1795లో సెవెర్న్‌కు భయంకరమైన వరద వచ్చింది. నది మీద ఎన్నో వంతెనలు దెబ్బతింటే ఇది చెక్కుచెదరలేదు. రాతి వంతెన నీటికి గోడలా అడ్డుపడుతుంది, ఇక్కడేమో నీరు ఇనుప పట్టీల సందుల్లోంచి సాగిపోయింది. వరద ఏమీ చేయలేకపోయింది కానీ జారే ఒడ్డులు వంతెనను రెండు వైపుల నుంచీ నొక్కుతూనే వచ్చాయి. 1970లలో నది అడుగున కాంక్రీటు దిమ్మె వేసి రెండు ఒడ్డులకూ మధ్య ఆపు పెట్టారు. 2018లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 36 లక్షల పౌండ్ల మరమ్మతు పూర్తి చేసింది. అందులో కొంత సొమ్ము జర్మనీలోని ఒక ఫౌండేషన్ ఇచ్చింది. పాత పొరల కింద దొరికిన తొలినాటి రంగును బట్టి వంతెనకు మళ్లీ ముదురు ఎరుపు వేశారు. ఆకుపచ్చ లోయలో ఆ ఎరుపు ఎంత నిండుగా ఉందో!

ఆ సుంకం బోర్డు దగ్గర మా మేనకోడలు ఫోన్‌లో ఫొటో తీసింది. "మన టోల్‌ప్లాజాల దగ్గర కూడా బోర్డులుంటాయి కదా మావయ్యా" అంది. ఉంటాయి. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో పంతంగి దగ్గర ఆగినప్పుడల్లా నా కళ్లు అక్కడి బోర్డు మీదికే పోతాయి. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, మంత్రులు అంటూ రుసుము కట్టనక్కరలేని వాళ్ల జాబితా అది. అంబులెన్సుకు మినహాయింపు ఇవ్వడం న్యాయం. పదవికి ఎందుకివ్వాలో నాకు ఎంత ఆలోచించినా తోచలేదు. ఐరన్ బ్రిడ్జ్ యజమానులు లాభం చూసుకున్న వ్యాపారులే, సమానత్వం కోసం ఆ గమనిక రాయించలేదు. కానీ రాజుల కాలంలో, రాజ్యంలో ఒక మూలనున్న వంతెన మీద, రాజుగారు కూడా కట్టాల్సిందేనని నలుగురికీ కనిపించేలా రాసి పెట్టగలిగారు. ప్రజాస్వామ్యంలో బతుకుతున్న మనకు అంతకన్నా తక్కువ బోర్డు సరిపోదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

అయితే ఆ బోర్డుకు ఇంకో ముఖం కూడా ఉంది. వంతెన దాటిన ప్రతిసారికీ ఈ రేట్లు అని పైనే రాశారు. పొద్దున పనికి పోతే అర పెన్నీ, సాయంత్రం ఇంటికొస్తే మళ్లీ అర పెన్నీ. రాజుకు లెక్కలోకి రాని సొమ్ము కూలివాడికి వారం తిరిగేసరికి బరువే. అందుకే ఇక్కడి జనం పుట్టిలో నది దాటేవారు. కృష్ణ మీద, తుంగభద్ర మీద మనం చూసే పుట్టిలాంటిదే. సన్నటి కొయ్యబద్దల చట్రానికి గుడ్డ చుట్టి తారు పూస్తారు, ఒక్క మనిషి వీపున మోసుకుపోగలిగినంత తేలిక. సుంకం ఇల్లు కళ్లెదుటే ఉండగా దాని కిందుగా తెడ్డేసుకుంటూ పోయిన ఆ మనుషుల మీద కూడా నాకు గౌరవమే.

మధ్యాహ్నం నది దిగువకు నడుచుకుంటూ జాక్‌ఫీల్డ్ వైపు వెళ్లాం. అటు పక్కన పలకల ఫ్యాక్టరీలుండేవి, వందల మంది పనివాళ్లు. వాళ్ల కోసం 1909లో సుంకం లేని వంతెన వచ్చింది, జనం దాన్ని ఫ్రీ బ్రిడ్జ్ అనే పిలిచారు. పాతది శిథిలమైతే 1994లో దాని స్థానంలో కొత్తది కట్టారు. చూడ్డానికి మామూలు వంతెన, దాని మీద ఎవరూ ఫొటోలు తీసుకోవడం లేదు. నేను మాత్రం ఒకటి తీయించుకున్నాను.

ఇనుప వంతెన మీదికి 1934 నుంచి బళ్లు రానివ్వడం మానేశారు. కాలినడక వాళ్ల దగ్గర మాత్రం 1950 దాకా వసూలు చేశారు. ఆ ఏడాది వంతెన కౌంటీ కౌన్సిల్ చేతికొచ్చింది, సుంకం ఎత్తేశారు. వంతెన తెరిచి అప్పటికి 169 ఏళ్లు. ఇంతకాలంలో రాజకుటుంబం వాళ్లెవరైనా నిజంగా ఆగి పర్సు తీశారా అని తిరుగు బస్సులో మా మేనకోడలు అడిగింది. తీసి ఉండాలనే నా కోరిక.